ఇంటిపేరున్న దొంగ

వీరమ్మ ముక్క వేయనన్నది.

వేస్తే ఆట ఆమెదే. ఆమె చేతిలో దొంగ ఉన్నాడు, చాప మీద రాణి ఉంది. దొంగ పడితే రాణి పోతుంది, అది ఆట నియమం. వీరమ్మ మాత్రం దొంగను గుండెకు ఆనించుకుని కదలకుండా కూచుంది.

"కొట్టు అవ్వా," అన్నది మనవరాలు ఝాన్సీ మెల్లగా.

"మరదల్ని ఎట్ల కొడతాడే?"

ఝాన్సీ ఎదురుగా కూచున్న శ్యాంసన్ మొహం చూసింది. ఆ రాణిని వేసింది ఆయనే. ఒంగోలులో పిల్లల ఆటలు అచ్చు వేయించి అమ్మే మనిషి. ఝాన్సీ సొంతంగా బొమ్మలు గీసి తయారుచేసిన ఈ పేకాటను మొదటిసారి చూసినప్పుడు, బొమ్మలు బాగున్నాయి గానీ ప్రాణం లేదన్నాడు. ఒక్కో ముక్కకు ఒక కథ రాయమని చెప్పి పంపినాడు. ఇప్పుడు తానే గిద్దలూరు వచ్చినాడు. మీ వాళ్ళతో కూచుని ఒక ఆట ఆడతాను, గెలుపోటములు తేలితే అచ్చుకు ఇస్తాను, తేలకపోతే ఇంక నా దగ్గరకు తేవద్దు అన్నాడు.

ఝాన్సీ కష్టపడి రాసింది. ప్రతి ముక్కకూ ఊరు పెట్టింది, ఇంటిపేరు పెట్టింది, తల్లిదండ్రులను పెట్టింది. ఆట మొదలయ్యే ముందు అన్నీ చదివి వినిపించింది. అక్కడే కొంప మునిగింది. రాణి తల్లి కంభం కోనవాళ్ళ ఆడబిడ్డ. దొంగ కూడా కంభం కోనవాళ్ళ పిల్లోడే. రాసే పొద్దు ఇంకో ఇంటిపేరు తోచక అదే మళ్ళీ రాసింది. అంతకు మించి ఝాన్సీకి ఏ ఆలోచనా లేదు.

వీరమ్మకు ఉంది. "ఆ పిల్లకు తల్లి పుట్టింటోడు. మేనమామ కొడుకు. బావ గాక ఏమైతాడు?"

"అవి అట్టముక్కలు అవ్వా."

"అట్టముక్కలకు ఇంటిపేర్లు ఎందుకు పెట్టినావు మరి?"

ఝాన్సీ పక్కింటి యల్లయ్య వైపు తిరిగింది. ఆయన చేతిలో సిపాయి ఉన్నాడు. సిపాయి పడితే చేతిలో దాచుకున్న దొంగైనా దొరికిపోతాడు, ఆట యల్లయ్యది అవుతుంది. నువ్వన్నా వెయ్యి మామా అని బతిమాలింది.

యల్లయ్య తన ముక్కను అటూ ఇటూ తిప్పి చూసినాడు. "నావోడు రాణిగారి ఉప్పు తినేటోడమ్మా. ఆ కోటకు కాబోయే అల్లుడికి బేడీలేస్తే వాని నౌకరీ ఏమైతాది?" అని సిపాయిని బోర్లా పెట్టేసినాడు.

అల్లుడేంది మామా అంటే వినేవాళ్ళు లేరు. మేనరికం కలిసినాక ఇంకా ఆలస్యం ఎందుకని వీరమ్మ అన్నది. త్రిపురాంతకం గుళ్ళో చేస్తే ఖర్చు కలిసొస్తుందని యల్లయ్య అన్నాడు. కోట పెట్టుకుని గుడికి పోయేదేంది, నలుగురూ నవ్వరా అని వీరమ్మ కసిరింది. సరే కోటలోనే కానీ, షామియానా సంగతి నేను చూసుకుంటా అని యల్లయ్య ఒప్పుకున్నాడు.

శ్యాంసన్ నవ్వలేదు. కళ్ళజోడు తుడుచుకుని, దొంగ కథ ఇంకొకసారి చదవమన్నాడు. తప్పులు వెతుకుతున్నాడు అనుకుంటూనే ఝాన్సీ చదివింది.

సగంలో ఆపినాడు. "తాగుతాడా?"

"ఆ సంగతి రాయలేదు సార్."

"రాయాల్సింది. జైలుకు పోయినాడా?"

"ఒకసారి పోయొచ్చినాడు సార్."

"దొంగతనం గాక వేరే పని ఏదన్నా వచ్చునా?"

అంత దూరం ఝాన్సీ ఆలోచించలేదు. రాణికి అన్నదమ్ములు ఉన్నారా అని అడిగినాడు. లేరు సార్, ఒక్కతే కూతురు అన్నది. శ్యాంసన్ గట్టిగా ఊపిరి వదిలి, మోకాళ్ళ మీద చేతులానించి లేచినాడు.

ఝాన్సీ కూడా లేచింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. తప్పు నాదే సార్, ఇంటిపేర్లన్నీ తీసేసి మళ్ళీ రాస్తాను, ఇంకొక్కసారి చూడండి అన్నది.

"ఏదీ తీసేయొద్దమ్మా. ఉన్నదున్నట్టు అచ్చుకు ఇద్దాం," అన్నాడు శ్యాంసన్.

వంగి చాప మీది రాణిని తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వీరమ్మ వైపు తిరిగి చేతులు జోడించినాడు.

"పెద్దమ్మా, ఏమీ అనుకోవద్దు. మా పిల్లను దొంగోడికి ఇయ్యం."