రేకు తక్కువ ముగ్గు

“ఈ ముగ్గొకటి తీసేద్దామండి పిన్నిగారూ. దీనివల్లే మన మెయిలు తెరుచుకోడానికి అంతసేపు పడతంది. విసుగొచ్చి చదవడం మానేస్తన్నారు,” అన్నాడు సాలమోను.

“ముగ్గు ఉండాలి బాబూ,” అంది సత్యనారాయణమ్మ.

అమలాపురంలో బస్టాండు వెనకాల సాలమోను నెట్ సెంటరు. ప్రతి గురువారం సత్యనారాయణమ్మ ముక్తేశ్వరం నుంచి బస్సులో వచ్చి, ఆ వారం రాసిన కాగితాలు అతని చేతిలో పెడుతుంది. అతను వాటిని టైపు చేస్తాడు. చివర ఆమె గీసిన ముగ్గును స్కాను చేసి అతికిస్తాడు. ‘కాలవగట్టు కబుర్లు’ అని పేరు పెట్టి పాఠకులందరికీ ఒకేసారి మెయిలు పంపుతాడు.

భర్త పోయాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న మనిషి ఆమె. వారపత్రికలకు రాస్తే కొన్ని అచ్చయ్యాయి కూడా. కానీ ఈ మెయిలు మొదలుపెట్టింది మాత్రం గల్ఫులో పనిచేసే కోనసీమ ఆడవాళ్ల కోసం.

“మీరు రొయ్యల పులుసు గురించి రాస్తే మస్కట్‌లో ఒకావిడ కళ్లనీళ్లు పెట్టుకుందటండి.”

“అయ్యో, నేను చింతపండు ఎక్కువైపోయిందని కదా రాసేను! అందులో ఏడవడానికి ఏముంది?”

సాలమోను నవ్వి, మళ్లీ ముగ్గు వైపు చూశాడు. “పోనీ, కంప్యూటర్లో సరిచేసి పెట్టనా? ఈ మూల తామర రేకు ఒకటి మర్చిపోయేరు.”

“మర్చిపోలేదు. మా వాకిట్లో ఆ మూల బోరింగు గట్టు. అక్కడ రేకు పట్టదు. మా దుర్గ చిన్నప్పట్నుంచీ అలాగే వేసేది.”

దుర్గ పేరు వినగానే సాలమోను నవ్వు ఆగిపోయింది.

వెంకటదుర్గ ఆమెకు ఒక్కతే కూతురు. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. మొదట్లో కబుర్లన్నీ కేసెట్టులో చెప్పి, ఊరొచ్చేవాళ్ల చేత పంపేది. తర్వాత ఫోను చేసేది. చివరిసారి చేసినప్పుడు, “ఈ ఇంట్లో కొడతన్నారమ్మా. ఉండలేను, వెళ్లిపోతన్నాను,” అంది. మళ్లీ గొంతు వినపడలేదు. వీసా ఇచ్చిన ఇల్లు వదిలి వెళ్లినవాళ్లను పోలీసులు పట్టుకుంటారని ఊళ్లో చెప్పారు. అందుకే పేరు రాసి, మా అమ్మాయి కనపడిందా అని ఎవరినీ అడగడానికి లేదు.

“ఫలానా చోట ఉందని తెలిస్తే ఇంత తంటా ఉండేదే కాదు,” అంది సత్యనారాయణమ్మ. “తెలీదు కాబట్టే ఊరందరికీ పంపడం.”

“నేను చెప్పేదీ అదేనండి. చదివేవాళ్లు పెరిగినకొద్దీ దుర్గగారి చేతిలో పడే వీలు పెరుగుతాది. కువైట్‌లో నర్సు లిడియాగారే చూడండి. ఆసుపత్రిలో ప్రింటు తీసి, శుక్రవారం చర్చిలో ప్రార్థన అయ్యాక పంచుతున్నారు. ఆ కాగితం ఒకళ్ల దగ్గర్నుంచి ఒకళ్లకి ఎళ్తంది. మీ రాత బాగుండబట్టే కదా ఎళ్తంది? ముగ్గు చూసి కాదు కదా?”

“ఆయ్. రాత బాగుంటేనే చేతులు మారతాది. అందుకే కదా ఇంత కష్టపడి రాస్తున్నాను. ముగ్గు మాత్రం ఉండనీ.”

బస్సు టైమైందని ఆమె లేచింది.

మళ్లీ గురువారం ఆమె గుమ్మం ఎక్కీ ఎక్కకముందే సాలమోను ఎదురొచ్చాడు.

“కోప్పడకండి పిన్నిగారూ. ఒక్కసారి చూద్దామని పోయిన వారం ముగ్గు లేకుండా పంపేను. ఇలా నొక్కితే అలా తెరుచుకుందంట. ఎంతమంది కొత్తగా చేరేరో తెలుసా అండి? ఎప్పుడూ చేరలేదు ఇంతమంది!”

సత్యనారాయణమ్మ సంచి కింద పెట్టబోయి ఆగింది.

“లిడియాగారికి కూడా అలాగే వెళ్లిందా?”

“అందరికీ అదేనండి. ఆవిడ జవాబు కూడా రాసేరు. వినండి, మీ కోపం పోతాది.”

ఆమె కుర్చీ తడుముకుని కూర్చుంది. సాలమోను హుషారుగా చదివాడు.

“‘అమ్మగారికి వందనాలు. ఈసారి కాగితాలు చాల్లేదు, వంతులేసుకుని చదివాం. ఎప్పుడూ చూడని అమ్మాయి ఒకామె కూడా వచ్చింది. పక్కింటి పనామె దగ్గర ఇలాంటి కాగితం చూశానని, అది కావాలని అడిగింది. ఇచ్చాను. ముందూ వెనకా తిప్పి చూసింది. చాలాసేపు చూసింది. ఇది కాదండీ అని తిరిగి ఇచ్చేసింది. పేరడిగితే చెప్పలేదు. దూరంగా వేరే ఇంట్లో పనికి కుదిరిందట, ఇంక ఇటు రావడం పడదంది. ఎవరో ఏమో పాపం.’”

చదవడం ఆపి సాలమోను తలెత్తాడు. “ఒకళ్లకి నచ్చకపోతే ఏమైందండి? మిగతావాళ్లంతా...”

ఆమె అతని మాటకు అడ్డొచ్చింది.

“ఎలా ఉందో రాసేరా బాబూ? పొడుగో, పొట్టో?”

“లేదండి.” అప్పటికి అతనికి సంగతి తట్టింది. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. “దుర్గగారేమో అనుకుంటున్నారా? కాదండి, మీరలా బెంగపెట్టుకోకండి. కాగితం పైనే పెద్దక్షరాలతో మీ పేరుంది, ఊరి పేరుంది. కన్నతల్లి పేరు కళ్లెదురుగా పెట్టుకుని ఇది కాదని ఎవరైనా అంటారా?”

సత్యనారాయణమ్మ సంచిలోంచి ఈ వారం ముగ్గు తీసి ఒళ్లో పరుచుకుంది. రేకు లేని మూలను బొటనవేలితో మెల్లగా నిమిరింది.

“దుర్గకి చదువు రాదు బాబూ.”