చలి పట్టిన గొర్రెపిల్ల

అలిస్టర్ ట్రక్కు తాళాలు తీసుకుని తలుపు దాకా వెళ్ళాడు.

"ఎక్కడికి?" అంది అతని అత్తగారు నోలీన్.

"ఆసుపత్రికి."

"వంతెన మీద నడుములోతు నీళ్ళున్నాయి. రోడ్డు మూసేశారని రేడియోలో రెండుసార్లు చెప్పారు."

"నా ట్రక్కు ఎత్తుగా ఉంటుంది."

"పోయినేడు కొట్టుకుపోయిన ట్రక్కు కూడా ఎత్తుగానే ఉండేది."

అలిస్టర్ తలుపు గడియ తీశాడు. పొద్దున ఎనిమిదింటికి కొండవాలులో నాలుగు చక్రాల బైకు తిరగబడి షోనా దాని కింద పడింది. హెలికాప్టర్‌లో తీసుకెళ్ళారు. అందులో ఇంకొకరికి చోటు లేదు. కడుపులో రక్తం కారుతోంది, ఆపరేషన్ మొదలుపెడుతున్నాం, అయ్యాక ఫోన్ చేస్తాం అని పదింబావుకు నర్సు చెప్పింది. ఇప్పుడు పదకొండున్నర. షోనా అతనికి భార్య. నోలీన్‌కు ఒక్కతే కూతురు.

"ఒక్క నిమిషం ఆగు," అని నోలీన్ పెరటి తలుపు తీసుకుని వానలోకి వెళ్ళింది.

వాళ్ళుండే సౌత్‌లాండ్‌లో గొర్రెలు ఈనే కాలం అది. కొట్టం పక్క దొడ్లో నిన్న పుట్టిన పిల్ల ఒకటి తల్లి దగ్గర పాలు తాగుతోంది. నోలీన్ దాన్ని పొదుగు దగ్గర నుంచి లాగి ఎత్తుకొచ్చింది. దానికి ఏ జబ్బూ లేదు. వానలో వచ్చేసరికి బొచ్చు తడిసింది, అంతే.

"దీనికి చలి పట్టింది. వదిలేస్తే చచ్చేలా ఉంది. పట్టుకో."

పిల్ల చేతులు మారేటప్పుడు ఇద్దరి వేళ్ళూ తగిలాయి. అలిస్టర్ గొర్రెలవాళ్ళందరూ చేసేటట్టే దాని నోట్లో వేలు పెట్టి చూశాడు. చలి పట్టిన పిల్లకు నోరు చల్లగా ఉంటుంది. నోలీన్ ఊపిరి బిగబట్టింది. అతను వేలు తీసి, ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, తాళాలు బల్ల మీద పెట్టాడు. బొగ్గుల పొయ్యి ముందు కూర్చున్నాడు.

మనసు ఇక్కడ లేనివాడి వేలికి మాత్రం ఏం తెలుస్తుంది అనుకుంది నోలీన్.

ఆమె టీ పోసింది. ఆమె చేతిలో కెటిల్ మూత టకటకలాడింది. కిటికీ సందులోంచి గాలి కొడుతోంది అనుకుంది. అలిస్టర్ ఒక గుటక మింగి కప్పులోకి చూశాడు. మళ్ళీ తాగాడు.

"కోటు లోపల పెట్టుకో, చొక్కాకు ఆనించి. ఇప్పుడు దాని గుండె ఎలా కొట్టుకుంటోందో చెప్పు."

"పాతికేళ్ళుగా కంచెలు కట్టిన వేళ్ళు ఇవి. వీటికేం తెలుస్తుంది? మీరే చూడండి."

నోలీన్ కుర్చీ లాక్కుని కోటులోకి చేయి పెట్టింది. "కొట్టుకుంటోంది."

"నిమిషానికి ఎన్నిసార్లు?"

"ఉండు, లెక్కపెట్టనీ." గోడ గడియారం చూస్తూ మొదలుపెట్టింది. రెండుసార్లు లెక్క తప్పింది. మూడోసారి కుదిరింది. "నూట యాభై. నిదానించాలి. ఇప్పుడు వాసన చూడు."

"నాకు జలుబు."

"పొద్దున లేదే?"

"ఇప్పుడు చేసింది."

ఆమె వంగి పిల్ల తల దగ్గర ముక్కు పెట్టింది. "తడి ఉన్ని వాసన. కొంచెం జిడ్డు వాసన. పాల..." అని ఆగిపోయింది. చావబోయే పిల్లకు పాల వాసన ఎక్కడిది? అలిస్టర్ పొయ్యి వైపు చూస్తున్నాడు.

బయట తల్లి గొర్రె కంచె దాకా వచ్చి అరుస్తోంది.

"ఏమిటా గోల?"

"దానికేం పని," అని నోలీన్ లేచి కిటికీ మూసింది.

"పిల్ల కనిపించడం లేదేమో పాపం."

"ఊళ్ళో గొర్రెల సంగతి తరవాత. చేతిలో ఉన్నదాన్ని చూడు."

"చేయి తిమ్మిరెక్కింది. కాసేపు మీరు పట్టుకోండి."

నోలీన్ పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుంది. పొయ్యి వేడి ఆమె మోకాళ్ళకు తగులుతోంది. అల్లుడి కోసం ఒక్కొక్కటే పైకి చెబుతూ పోయింది. చెవులు వెచ్చబడ్డాయి. గిట్టలు ఇంకా వెచ్చబడలేదు. పొట్ట పైకి లేస్తోంది, దిగుతోంది. వేలు చీకుతోంది, నాలుక గరుగ్గా ఉంది.

"ఇంకా?" అన్నాడు అలిస్టర్ ఆమె ఆగినప్పుడల్లా.

పిల్ల నిద్రపోయింది. నోలీన్ గొంతు తగ్గించి చెప్పసాగింది.

ఒంటిగంటా పది నిమిషాలకు ఫోన్ మోగింది. అలిస్టర్ తీశాడు. "అవును... అవును... సరే," అన్నాడు. ఫోన్ పెట్టేసి గోడకు ఆనుకున్నాడు.

"రక్తం ఆగింది. మెలకువ వచ్చిందట. బైకు పాడైందా అని అడిగిందట."

"అడుగుతుంది. పొగరు," అంది నోలీన్. కాసేపు పిల్ల వీపు నిమిరింది. తరవాత చల్లారిపోయిన తన కప్పు తీసుకుని తాగింది. "ఇదేమిటి, ఇందులో టీ పొడే లేదు."

"లేదు."

"నువ్వు రెండు కప్పులు తాగావు."

"పోసి ఇచ్చారు, తాగాను."

నోలీన్ కప్పు కింద పెట్టింది. "సరే, నేనూ ఒకటి చెప్పాలి. ఈ పిల్లకు ఏమీ కాలేదు. నువ్వు ఆ వంతెన మీదికి పోకూడదని, నీ గాభరా తగ్గాలని దొడ్లోంచి ఎత్తుకొచ్చా."

"తెలుసు. వేలు పెట్టగానే తెలిసింది. నోరు వెచ్చగా ఉంది."

"మరి తాళాలెందుకు బల్ల మీద పెట్టావు?"

అలిస్టర్ వంగి ఆమె ఒళ్ళోంచి పిల్లను తీసుకున్నాడు. తల్లి ఇంకా అరుస్తూనే ఉంది.

"దీన్ని ఇచ్చేటప్పుడు మీ చేతులు తగిలాయి అత్తయ్యా. చలి పట్టింది వాటికి."