పచ్చ సింహం

రంగుల కొట్టాయన చేతిలో ఆ పొద్దున్న ఉన్న ఆస్తి ఇదీ: కొట్టుకి ఎదురుగా కంపు కొట్టే పొడవాటి గోడ, ఎంతకీ అమ్ముడుపోని పాత రంగు డబ్బాలు, బొమ్మలు బాగా గీసే బావమరిది. ఈ మూడింటినీ కలిపి లాభం తీద్దామని ఆయన ఎత్తు. తీరా టీ తాగి తిరిగొచ్చిన బావమరిది గోడ వైపు చూసి, చేతిలో బన్ను జారవిడిచాడు.

"బావా! సింహాన్ని ఏం చేశావు?"

నిచ్చెన మీంచి కొట్టాయన గర్వంగా వెనక్కి తిరిగాడు. మోచేతుల దాకా ఆకుపచ్చ. మీసం కొసన కూడా ఓ చుక్క.

"నువ్వు గీసిచ్చావు, నేను నింపాను. ఎక్కడా గీత దాటలేదు చూడు."

"గీత దాటలేదు, హద్దులన్నీ దాటేశావు! ఆకుపచ్చ సింహం ఎక్కడైనా ఉంటుందా?"

"ఒంటికి పచ్చ వెయ్యమని నువ్వేగా అన్నావు!"

"పచ్చ అంటే పసుపుపచ్చ!"

"నా కొట్లో పచ్చ అంటే ఆకుపచ్చే. పసుపు కావాలంటే పసుపని అడగాలి."

"మా ఇంట్లో పచ్చ అంటే పసుపే. మా అక్కని పచ్చటి పిల్ల అని చెప్పే నీకిచ్చాం. ఆకుపచ్చగా వచ్చిందా?"

కొట్టాయన కాస్త ఆలోచించాడు. "ఎర్రబడ్డం రోజూ చూస్తున్నాను. పచ్చబడ్డం మాత్రం ఇంకా చూళ్ళేదు."

పైకి హాస్యమాడినా ఆయనకి లోపల గుబులుగానే ఉంది. వీధి వీధంతా ఆ గోడ కిందే చెత్త పోస్తోంది. 'ఇక్కడ చెత్త వేయరాదు' అని ఆయన పెట్టించిన బోర్డు ఆ చెత్త కిందే ఎక్కడో కూరుకుపోయింది. రంగు కొనడానికి వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుని, గుమ్మం ఎక్కకుండానే పక్క వీధి కొట్టుకి మళ్ళిపోతున్నారు. నోరు తెరిచిన సింహాన్ని చూసి జనం బెదరాలి, గోడ బాగుపడాలి, పోయిన బేరాలు వెనక్కి రావాలి. ఆ ఆశతోనే బావా బావమరదులిద్దరూ చెత్తంతా ఎత్తి, గోడ కడిగి, సున్నం కొట్టి పనిలోకి దిగారు.

"దీన్ని చూసి ఎవడు బెదురుతాడు బావా? చిలక్కి జూలు మొలిచినట్టుంది. తుడిచేసి మళ్ళీ వేద్దాం."

"ఒకే సింహానికి రెండుసార్లు రంగా? నేను వ్యాపారం చేస్తున్నానా, దానం చేస్తున్నానా? మా కొట్లో కలిపిన రంగు వాపసు తీసుకోం."

ఈలోగా గోడ ముందు జనం మూగారు. ఒకాయన సైకిలు దిగి, జాలిగా చూశాడు.

"పాపం, దానికి పచ్చకామెర్లా అండీ?"

"చూశావా!" బావమరిది ఎగిరి గంతేశాడు. "కామెర్లలో కూడా పచ్చ అంటే పసుపే!"

"నోర్ముయ్యరా," అన్నాడు కొట్టాయన పళ్ళబిగువున.

ఒక చిన్నపిల్ల తల్లి చెయ్యి పట్టుకు లాగింది. "అమ్మా, సింహం అలా పచ్చగా ఉందేం?"

జనమంతా కొట్టాయన మొహంలోకి చూశారు. గట్టిపడిపోయిన వార్నిషుని కూడా కొత్త రకమని అమ్మగలిగిన మనిషి ఆయన. నిచ్చెన మీదే నిటారుగా నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఇది మామూలు సింహం కాదమ్మా. మాంసం ముట్టదు. ఆకులూ కూరగాయలూ తినీ తినీ ఒళ్ళంతా ఇలా పచ్చబడిపోయింది."

"అయితే కరవదా?"

"చెత్త వేసేవాళ్ళని మాత్రం పట్టుకుని కరుస్తుంది. పెద్దవాళ్ళయినా సరే, వదలదు."

ఆ మాట ఆయన, గుంపులో నిలబడ్డ పక్క మేడమీది పెద్దావిడ వైపు చూస్తూ మరీ అన్నాడు. వీధిలోకెల్లా పెద్ద చెత్త బకెట్టు ఆవిడదే. ఆవిడ రెండు చేతులూ చెంపలకి ఆనించుకుని, "అయ్యో, ఆకులే తింటుందా! ఎంత బుద్ధిమంతురాలో!" అంది.

జనం చప్పట్లు కొట్టారు. సైకిలాయన పొడుగాటి వేలితో సింహం మూతిని నిమిరి, వేలు పచ్చగా చేసుకుని మరీ వెళ్ళాడు.

"చూశావా, మాట సాయంతో సరుకు చెల్లిపోయింది," అన్నాడు కొట్టాయన నిచ్చెన దిగుతూ.

"నువ్వు నన్ను కూడా అమ్మెయ్యగలవు బావా," అన్నాడు బావమరిది.

"కొనేవాడు దొరకొద్దూ?"

ఆ సాయంత్రం ఒక్కరూ చెత్త వెయ్యలేదు. కొట్టాయన నడ్డి నిటారు చేసుకుని ఇంటికెళ్ళాడు.

మర్నాడు కొట్టు తెరవడానికి వచ్చేసరికి సింహం మెడ దాకా కనిపించలేదు. క్యాబేజీ ఆకులు, సొరకాయ తొక్కులు, వంకాయ ముచ్చికలు, మెత్తబడిన టమాటాలు కుప్పగా పేరుకుని, సరిగ్గా తెరిచిన నోటి దాకా లేచాయి. ఆయన కళ్ళముందే పెద్దావిడ ఆయాసపడుతూ వచ్చి తన బకెట్టు కూడా బోర్లించింది. ఆవిడ వెనకాల, ఎప్పుడూ ఈ వీధి మొహం చూడని వాళ్ళు పిల్లల్ని వెంటేసుకుని, సంచులు పట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు.

"పెద్దమ్మా! చెత్త వేస్తే కరుస్తుందని చెప్పానా లేదా?"

"చెత్తెవరు వేశారు నాయనా?" పెద్దావిడ నొచ్చుకుంది. "రాత్రంతా ఆకలితో నోరు తెరుచుకునే ఉంది, పాపం. ఇది మేత."

"మాంసం ముక్కలు లేకుండా శుభ్రంగా ఏరి మరీ తెచ్చారు బావా," అన్నాడు బావమరిది, ముక్కు మూసుకుని.

కొట్టాయన గుమ్మం మీద కూలబడి లెక్క తేల్చుకున్నాడు. నిన్నటిదాకా తనకున్నది ఒక్క వీధి చెత్త. ఇవాళ్టి నుంచి ఊరందరి మేత.