ఉప్పెక్కువైంది

“ఉప్పెక్కువైంది. చేసినవాళ్ళని పిలవండి,” అన్నాడతను ప్లేటు ముందుకి నెట్టి.

వడ్డించే అమ్మాయి ప్లేటు వంక చూసింది, అతని వంక చూసింది. పిజ్జా చెక్కుచెదరలేదు. పైన చీజు ఇంకా బుడగలేస్తోంది.

“ముక్క కూడా తుంచలేదు కదా సార్! ఉప్పెక్కువైందని ఎలా తెలిసింది?”

“వాసన... వాసనకే తెలిసిపోతుంది.”

“ఉప్పుకి వాసనేంటి నాయనా?” అంది పక్క టేబుల్ ముసలావిడ.

అంతా గొల్లుమన్నారు. ఆ కొట్టులో టేబుళ్ళు ఎంత దగ్గరదగ్గరగా ఉంటాయంటే, పక్కవాళ్ళ మాట వినకూడదనుకుంటే చెవులు మూసుకోవాల్సిందే. అతని చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి.

ఆ వీధిలో పిజ్జా అంటే ఆ కొట్టే. గుమ్మం బయట ఎప్పుడూ క్యూ ఉంటుంది. లోపల గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉంటుంది: ‘నచ్చకపోతే చెప్పండి. చేసినవాళ్ళే వచ్చి మీకు సమాధానం చెబుతారు.’ రాయించింది ఓనరే. ఆ మాట పుణ్యమా అని కొట్టుకి మంచి పేరొచ్చింది. దాన్ని పట్టుకుని వేలాడే మనిషి మాత్రం ఇతనొక్కడే.

“సార్, ఒకసారి ఇటు రండి,” అని అమ్మాయి ఓనర్ని కేకేసింది. “ఈయన మళ్ళీ మొదలెట్టారు. ప్రతి శుక్రవారం ఇదే పాట. ముక్కయినా ముట్టకుండా లేచిపోతారు.”

ఓనరు వచ్చాడు. భారీ మనిషి, గొంతు అంతకన్నా భారీ.

“ఏమయ్యా, ఏంటి నీ గొడవ? అందరూ లొట్టలేసుకుంటూ తింటుంటే నీ ఒక్కడి నాలుకకేనా తేడా?”

“చేసినావిడని ఒక్కసారి పిలవండి సార్. రెండు నిమిషాలు చాలు.”

“పిలవను. నువ్వొచ్చినప్పుడల్లా పాపం ఆవిడ పొయ్యి వదిలేసి వచ్చి నీ ముందు చేతులు కట్టుకుని నిలబడుతోంది. అలాంటి పనిమంతురాలు నాకు మళ్ళీ దొరకదు. నీ నస పడలేక మానేసిందంటే నా కొట్టు మూసుకోవాల్సిందే. లే! ఇంకెప్పుడూ ఈ గుమ్మం తొక్కకు.”

అతని ముఖం పాలిపోయింది. కుర్చీ కింది డ్యూటీ సంచి అందుకుని లేవబోయాడు, మళ్ళీ కూలబడ్డాడు. వంటగది గోడకి ప్లేట్లు అందించే చిన్న కిటికీ ఉంది. అందులోంచి రెండు చేతులే కనిపిస్తున్నాయి, మోచేతుల దాకా పిండి అంటుకున్న చేతులు. అతను వాటినే చూస్తున్నాడు.

“అంతమాట అనకండి సార్. ఇక్కడికి రావొద్దంటే మా ఆవిణ్ణి నేనెక్కడ చూసుకోవాలి?”

పక్క టేబుళ్ళవాళ్ళు తినడం ఆపి ఇటు తిరిగారు.

“ఆవిడ మీ ఆవిడా?” అంది అమ్మాయి నోరు తెరిచి.

“అవునమ్మా. పొద్దున్నే పిండి కలపాలని ఆవిడ బయల్దేరిపోయాక, నేను నైట్ డ్యూటీ నుంచి ఇల్లు చేరతాను. ఆవిడ ఇల్లు చేరేసరికి నేను డ్యూటీలో ఉంటాను. ఒకటే ఇల్లు, ఒకటే మంచం. నేను పడుకోబోయేసరికి ఆవిడ దిండు మీద ఇంకా తల ఆన్చిన గుంట ఉంటుంది. మనిషుండదు.”

“సెలవులే ఉండవా మీకు?”

“ఎవరి సెలవు వాళ్ళది. ఆ రోజు కూడా ఇద్దర్లో ఒకళ్ళం నిద్రపోతూ ఉంటాం. లేపడానికి మనసొప్పదు.” అతను ఓనరు వైపు తిరిగాడు. “పనివేళల్లో ఇంటివాళ్ళెవరూ రాకూడదని మీరే రూలు పెట్టారు కదా సార్. కంప్లయింట్ చేస్తే మాత్రం పంపిస్తారు. వచ్చి అందరి ముందూ ‘ఏం లోపం సార్’ అని అడుగుతుంది. ఆ మాట కోసం వారమంతా ఎదురుచూస్తాను. ఇంత వయసొచ్చాక చెప్పుకోడానికి సిగ్గే గానీ, ఆవిడ మీద బెంగగా ఉంటుంది.”

ముసలావిడ కళ్ళొత్తుకుంది. ఓనరు మెత్తబడ్డట్టే కనిపించాడు. అంతలో క్యూలోవాళ్ళంతా తననే చూస్తున్నారని గుర్తొచ్చి మళ్ళీ బిగుసుకున్నాడు.

“బాగానే ఉందయ్యా! నీ బెంగ తీరడానికి నా పిజ్జా పరువు తీస్తావా? ఇదిగో, అందరూ చూడండి. ఈ మనిషి చెప్పింది పచ్చి అబద్ధమని ఇప్పుడే తేలుస్తా.”

పెద్ద ముక్క తుంచి నోట్లో కుక్కుకున్నాడు. నమిలాడు. ఆగాడు. కళ్ళు ఇంతింతయ్యాయి. ముసలావిడ ముందున్న నీళ్ళ గ్లాసు లాక్కుని గటగటా తాగేశాడు.

“బాబోయ్, ఉప్పు!”

అందరికన్నా ఎక్కువగా బిత్తరపోయింది అతనే.

“నిజంగానా సార్?”

“అమ్మా, ఒకసారి ఇటు రా!” అని ఓనరు కిటికీ వైపు తిరిగి అరిచాడు.

ఆవిడ ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఓనర్ని చూడలేదు, ప్లేటునీ చూడలేదు. తిన్నగా అతని దగ్గరికెళ్ళింది.

“చిక్కిపోయారేంటి? చొక్కా గుండీ ఊడింది, చూసుకోలేదా?”

“చూశాను. నువ్వు కుడతావని అలాగే ఉంచాను.”

ఓనరు గట్టిగా దగ్గాడు. “చూడమ్మా, ఈయనేమో ఉత్తినే కంప్లయింట్ చేశానంటున్నాడు. తీరా చూస్తే నోట్లో పెట్టుకునేలా లేదు. ఏంటిదంతా?”

ఆవిడ తల వంచుకుంది.

“ఈయనకి అబద్ధమాడడం చేతకాదండీ, మొదటిరోజే చెవులు కందిపోయాయి. ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోతే మళ్ళీ ఈయన్ని లోపలికి రానివ్వరని, ఆ మరుసటి వారం నుంచీ ఈ టేబుల్ పిజ్జాలో ఉప్పు నేనే గుమ్మరిస్తున్నాను.”