నలభై ఒకటో వరుసలో కామా

వరద లెక్క కట్టే ప్రోగ్రాం ఆగిపోయింది. నలభై ఒకటో వరుసలో తప్పుందట.

చూస్తే నవ్వొచ్చింది. మా కొలంబియాలో దశాంశానికి కామా పెడతాం, ప్రోగ్రాంకేమో చుక్క కావాలి. చుక్క పెట్టి, కాఫీ ఒక గుక్క తాగి మళ్ళీ నడిపాను. అదే వరుస, మళ్ళీ కామా.

"దోన్ ఎలియెసెర్, ఈ కంప్యూటర్ ముట్టుకున్నారా?" అని వాచ్‌మన్‌ని అడిగాను.

"నాకు తాళం తియ్యడమే సరిగా రాదమ్మా. కామా అంటే మన నికాసియోనే. 'మా నాన్న ఇలాగే రాశాడు' అని ఎంత మొండికేసేవాడు, పాపం."

పై ఊళ్ళో వాన కొలిచే నికాసియో పోయినేడు వరదలో పోయాడు. ఇప్పుడక్కడ మిషన్ ఉంది. మిషన్ కామా పెట్టదు.

అప్పుడు తేదీ చూశాను. ఈ రాత్రి దాకా నలభై వరుసలే ఉండాలి. నలభై ఒకటోది రేపు పొద్దున ఆరింటిది. 212,4 మిల్లీమీటర్లు. వంద పడితే చాలు, కింది ఊరు మునుగుతుంది.

ఎందుకో భయం వెయ్యలేదు. నికాసియో ఏనాడూ కొలత తప్పు రాయలేదు. ఈసారి నేను ఆ కామా జోలికి పోలేదు. కింది ఊరికి ఫోన్ చేశాను.

"వానేదీ, ఆకాశంలో చుక్కలు కనిపిస్తున్నాయి కదా," అన్నారు వాళ్ళు.

"పిల్లల్ని తీసుకుని గుట్టెక్కండి," అన్నాను.

మా రేకుల కప్పు మీద మొదటి చినుకు పడింది.