నడి గోదావరిలో హాజరు

“ఫోన్లు లోపల పెట్టేయండమ్మా. కొత్త మొహం ఎక్కింది,” అన్నాడు సరంగు అచ్చిబాబు, రేవులో కట్టిన తాడు విప్పుతూ.

తబిత ఫోను హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. పక్కనున్న సంపూర్ణమ్మ తన ఫోను కొంగులో చుట్టేసింది. ఏరు దాటించే ఆ పంటు మీద మోటారుసైకిళ్ల మధ్య, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన చంకలో ఫైలుతో నిలబడ్డాడు. మాటిమాటికీ వాచీ చూసుకుంటున్నాడు.

“జిల్లా నుంచి చెకింగ్‌కి వస్తారని మేనేజరు గారు నిన్న చెప్పారు కదా. ఈయనే అయ్యుంటాడు,” అంది సంపూర్ణమ్మ. తబిత పనిచేసే ఆఫీసులోనే ఆవిడ అటెండరు.

“ఆఫీసరైతే కారులో వంతెన మీంచి వస్తారు గానీ, పంటెక్కుతారాండి?”

“పట్టుకోవాలనుకునేవాడు కారులో ఎందుకొస్తాడమ్మా?”

తబిత బ్యాగు జిప్పు లాగేసింది.

వాళ్ల ఆఫీసు అవతలి గట్టున, రేవును ఆనుకునే ఉంది. ఆ ఏడాదే సంతకాల రిజిస్టరు తీసేసి ఫోన్లో ముఖహాజరు పెట్టారు. ఆఫీసు చుట్టూ గీసిన సర్కిల్ లోపలికొచ్చి, ఫోనుకు మొహం చూపించి కళ్లార్పితే హాజరు పడుతుంది. బయట నిలబడి ఎంత ఆర్పినా పడదు, పై ఆఫీసు నుంచి డ్యూటీ మీద వచ్చినవాళ్లకైనా సరే. ఆ సర్కిల్ పెట్టడానికి వచ్చిన మహానుభావుడికి తిరుగు పంటు ఎక్కడ తప్పిపోతుందోనని బెంగ. ముందు పంటెక్కేసి, ఆఫీసు కనపడుతూనే ఉంది కదా అని, నొక్కిన చోటే సర్కిల్‌కి కేంద్రమవుతుందన్న ధ్యాస లేకుండా నడి ఏట్లో బటన్ నొక్కి చక్కా పోయాడు. ఇంకేముంది, సర్కిల్ కాస్తా గోదావరిలో పడింది. ఆఫీసు గదుల్లో కూర్చుంటే హాజరు పడదు, బయట మెట్ల మీదికి రావాలి. నడి ఏట్లో మాత్రం నిక్షేపంలా పడుతుంది.

పైకి చెబితే సరిచేసేస్తారు. అందుకని ఎవరూ చెప్పలేదు.

రోజూ పంటు సగానికి రాగానే ఫోన్లు అదరకుండా అచ్చిబాబు ఇంజిను తగ్గించేవాడు. ఆఫీసు వాళ్లంతా ఫోన్లెత్తి కళ్లార్పేవారు. “ఏంటర్రా, గోదారమ్మకి కన్ను కొడతన్నారు!” అని చేపల బుట్ట సుబ్బాయమ్మ పడీపడీ నవ్వేది.

తబితకు మాత్రం ఇది నవ్వులాట కాదు. పాపను అంగన్‌వాడీలో దింపి, రామచంద్రపురంలో బస్సెక్కి వచ్చేసరికి ఈ పంటే దొరుకుతుంది. ఇది గట్టు చేరేసరికి హాజరు గడువు పది దాటిపోతుంది. బస్సు ఆలస్యమై పంటు తప్పిన రోజుల పుణ్యమా అని ఈ నెల ఇప్పటికే రెండు లేట్లు పడ్డాయి. మూడోది పడితే కాంట్రాక్టు రెన్యువల్ లేదని మేనేజరు మొహం మీదే చెప్పేశాడు.

ఇంతలో కొత్తాయన అచ్చిబాబు దగ్గరికి నడిచాడు.

“పదిలోపు అవతలికి చేరుస్తారాండి?”

“చేరదండీ. ఎదురుగాలి కదండీ.”

“మరి ఆ ఆఫీసు వాళ్లందరూ టైముకే హాజరవుతున్నారట. ఎలాగ?”

“నాకేం తెలుసండీ, పంటు నడుపుకునేవాణ్ణి.”

“సగానికొచ్చాక ఇంజిను తగ్గిస్తారటగా. టీ కొట్టాయన చెప్పాడులెండి. సరిగ్గా ఎక్కడ?”

అచ్చిబాబు చుక్కాని వైపు తిరిగిపోయాడు. నీళ్ల వంక చూశాడు.

“అయిపోయాం,” అంది సంపూర్ణమ్మ. “ఇవాళ్టికి ఊరుకో అమ్మాయ్. లేటు పడితే పడనీ.”

“మీది పర్మినెంటండీ. లేటు పడితే సగం సెలవు పోద్ది. నాకు ఉద్యోగమే పోద్ది.”

“ఆయన చూస్తుండగా నొక్కితే? లేటు కాదు, ఏకంగా కేసే.”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పంటు సగానికి వచ్చేసింది. అచ్చిబాబు ఇంజిను తగ్గించలేదు. పది కావస్తోంది. ఇంకాసేపాగితే పాపకు పాలు కొనే దారి కూడా మూసుకుపోతుందని తబితకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే ఎక్కడలేని మొండితనమూ వచ్చింది.

“అచ్చిబాబు గారూ, ఇంజిను తగ్గించండి!”

అతను కొత్తాయన్ని చూశాడు, ఆమెను చూశాడు. “కందకి లేని దురద కత్తిపీటకెందుకు,” అని గొణుక్కుంటూ తగ్గించాడు.

తబిత ఫోనెత్తింది. కంట్లో నీళ్లతో మొదటిసారి పడలేదు. పైట చెంగుతో తుడుచుకుని మళ్లీ కళ్లార్పింది. ఆకుపచ్చ టిక్కు వచ్చింది. తల తిప్పేసరికి కొత్తాయన పక్కనే ఉన్నాడు.

“పడిందా అమ్మా?”

“పడిందండి,” అంది తబిత. ఇక దాచి లాభం లేదు. సర్కిల్ సంగతి, మూడో లేటు సంగతి, పాప సంగతి మొత్తం చెప్పేసింది. “తప్పేనండి. కానీ గట్టు దిగాక సాయంత్రం దాకా పని ఎగ్గొట్టే మనిషిని కాదు. రాసుకుంటే నా పేరు ఒక్కటే రాసుకోండి. అచ్చిబాబు గారి జోలికి వెళ్లకండి.”

“చెకింగ్‌కి వచ్చింది మీరేనాండి?” అడిగింది సంపూర్ణమ్మ, ఉండబట్టలేక.

“నేనేనమ్మా.”

సుబ్బాయమ్మ చేపల బుట్ట దగ్గరికి లాక్కుంది. ఆయన మళ్లీ వాచీ చూసుకుని, హడావిడిగా జేబులోంచి ఫోను తీసి పైకెత్తాడు. సాక్ష్యానికి ఫోటో తీస్తున్నాడనుకుని తబిత తల దించుకుంది.

“కాస్త పక్కకి జరగండమ్మా, నాదీ పడాలి.”