రెండో చిప్ప

"సత్తమ్మగారి ఇల్లు ఇదేనాండీ?"

ఆ యాస చెవిన పడగానే సత్తమ్మ వాళ్ల అన్న రామచంద్రయ్య గొర్లు కాసే కర్ర అందుకున్నాడు.

కోస్తా మాట అంటేనే ఆ ఇంట్లో మంట. నిరుడు ఇలాంటివాడే ఒకడు, సత్తమ్మ మొగుడు బీరన్న పంపాడని చెప్పి పొట్టేలును తోలుకుపోయాడు.

సత్తమ్మ వాకిట్లో సముద్రపు చిప్పతో మామిడికాయల చెక్కు తీస్తోంది.

"ఎవలయ్యా నువ్వు?"

"బీరన్న పంపాడమ్మా. మంచాన పడ్డాడు. మిమ్మల్ని తీసుకురమ్మన్నాడు."

ఆమె చేతిలోని చిప్ప ఆగిపోయింది.

ఓడరేవు పనికి పోయిన మొగుడు ఉన్నాడో లేడో తెలియక ఏళ్లు గడిచాయి. చివరిసారి పోయేముందు సముద్రపు చిప్ప ఒకదాన్ని విడదీసి సగం ఆమెకిచ్చాడు. ఇప్పుడు చేతిలో ఉన్నది అదే.

"రెండోది నాతాన ఉంటది. అది తెచ్చినోడే నా మనిషి" అన్నాడు.

నిరుడు మొగుడి కబురొచ్చిన సంబరంలో ఆ సంగతే మరిచిపోయింది. ఈసారి మరవలేదు.

"చిప్పేది?"

అతను జేబులోంచి తీసి ఇచ్చాడు.

రామచంద్రయ్య లాక్కుని చూశాడు. మన్ను రంగు. వీపు మీద నాగటి చాళ్లలా గీతలు. చెల్లెలి చేతిలోది తెల్లగా, నున్నగా ఉంది. గీతన్నదే లేదు.

"జర చూడు చెల్లె. గిది వేరే జాతిది. ఏడనో ఏరుకొచ్చిండు, దొంగ నాకొడుకు!"

"వీపు కాదయ్యా, అంచున పళ్లు చూడండి. ఒకదాన్లో ఒకటి..."

కర్ర అతని భుజం మీద పడింది. చిప్ప ఎగిరి తొక్కల్లో పడింది.

సత్తమ్మ ఆపలేదు. ఆపకపోగా పిడికెడు మన్ను తీసి అతని మీద చల్లింది.

"మా బతుకులతోని ఆడుకుంటర్రా? నువ్వు నాశినమైపోను!"

ఊరంతా పోగై, మెడబట్టి జడ్చర్ల బస్సులోకి నెట్టారు. కిటికీలోంచి అతనేదో అరిచాడు. తిట్ల హోరులో ఒక్క మాటా వినబడలేదు.

పొద్దుగూకేవేళ తొక్కలు ఎత్తుతుంటే ఆ చిప్ప సత్తమ్మ చేతికి తగిలింది. విసిరేయబోయి, తన చిప్పను చూసుకుంది.

వచ్చిన కొత్తలో ఇదీ మన్ను రంగుదే. దీనికీ గీతలుండేవి. వీపును బండ మీద నూరి, బెజ్జం చేసి, ఆ బెజ్జంతో ఏటేటా కాయలు చెక్కి చెక్కి తనే అరగదీసింది.



రెండింటినీ అంచుకు అంచు ఆనించింది. పంటిలో పన్ను దిగి, వెంట్రుక దూరేంత సందు లేకుండా చిప్ప మూసుకుంది.

బీరన్న ఏ ఊళ్లో మంచాన ఉన్నాడో తెలిసిన ఒకే ఒక్క మనిషిని, పేరైనా అడగకుండా, కొట్టి బస్సెక్కించారు.